మామా తాగిన చైనా కషాయం

కువైట్ సబా అల్ సలేంలో నేను వంట చేసే ఇంటి యజమానురాలికి రక్తంలో కొవ్వు మితిమీరి ఉందని డాక్టరు చెప్పిన రోజున, ఆవిడ మొట్టమొదట కోప్పడింది నా మీద. "నువ్వు పోసే నెయ్యి వల్లే ఇదంతా" అంది. అన్నం మీద నెయ్యి పోసేటప్పుడు నా భుజం పక్కన నిలబడి, ఇంకా, ఇంకా అని చేత్తో సైగ చేసేది ఆవిడే. గొర్రె తోక కొవ్వు కరిగించి కూరలో కలపమనేదీ ఆవిడే. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఆ మాట పైకి అనలేదు. అనే ఉద్యోగం కాదు నాది.

ఆవిడను నేను మామా అంటాను. మా రాయచోటి వైపు మామా అంటే మీసాలున్న మనిషి. కువైట్‌లో పనిమనుషులు ఇంటి ఆవిడను పిలిచే పిలుపు అది. అమ్మ అని అర్థం. ఆవిడ పెద్దకొడుకును బాబా అంటాం, వయసులో నాకంటే చిన్నవాడైనా సరే. బస్టాండు దగ్గర మా అత్త నడిపిన టిఫిన్ హోటలు మూతబడ్డాక, దోసెలు పోసిన చెయ్యి ఊరికే ఉండలేక ఇక్కడికి వచ్చాను. కొత్తలో మామా అని పిలవాలంటే నవ్వొచ్చేది. పోనుపోను ఆ పిలుపుకున్న అర్థంతోనే పిలవడం మొదలుపెట్టాను. ఇప్పుడది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అలా పిలవడానికి కారణాలు లేకపోలేదు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోయే వేళ ఆవిడ వంటింట్లోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. నేను ఆకుకూర వలుస్తుంటే తనూ నాలుగు కాడలు వలిచేది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు తనను ఎంత సతాయించిందో చెప్పేది. మా అత్త సంగతులు నేను చెప్పేదాన్ని. ఇద్దరం కలిసి చచ్చిపోయిన అత్తలను మళ్లీ చంపేవాళ్లం. నా అరబీ అంతా ఆ కుర్చీ దగ్గర నేర్చుకున్నదే. ఇక్కడ ఆవిడ మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ ఒక్కటీ కల్పించి రాయడం లేదు.

కొవ్వుకు డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. ఆ మాత్ర బాధ్యత పెద్దకొడుకు నెత్తినేసుకున్నాడు. మేడ మీద కాపురముండేవాడు, ఆఫీసుకు వెళ్తూ కిందికి దిగి, తల్లి అరచేతిలో మాత్ర పెట్టి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేవాడు. అంతకుముందు ఆవిడ నల్లజీలకర్ర నూనె, తేనె అంటూ ఏవో సీసాలు తెచ్చుకుంటే, మూఢనమ్మకాలని అన్నీ చెత్తబుట్టలో పోశాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు. ఉంది. కానీ కోడలి ముందు, మనవల ముందు, నా ముందు ఆవిడ నోరు తెరిచి చూపించేటప్పుడు ఆ ముఖం చూడలేకపోయేదాన్ని. అతను వెళ్లగానే ఆవిడ నా వైపు తిరిగి, "నేనేమైనా మేకనా, పళ్లు చూసి బేరమాడడానికి" అనేది.

ఆ ఉక్రోషంలో ఉండగా ఆవిడ పినతల్లి కూతురు ఫోన్లో చైనా మందుల ముచ్చట చెప్పింది. బ్నీద్ అల్ గార్‌లో ఒక ఫ్లాట్‌లో చైనా ఆవిడ ఆకులూ వేళ్లూ అమ్ముతుందనీ, కొవ్వు మంచులా కరిగిపోతుందనీ, అన్నీ మొక్కలే కాబట్టి ఏ హానీ ఉండదనీ. మామాకు కావలసింది ఆ చివరి మాట. మర్నాడు కొడుకు ఆఫీసుకు పోగానే "యల్లా, పద" అని నల్లటి అబాయా వేసుకుంది. సంచులు మోయడానికి నేను. బండి నడపడానికి మా డ్రైవరు. అతను కడప మనిషి, నన్ను అక్కా అంటాడు, నేను భాయ్ అంటాను.

ఆ ఫ్లాట్‌లో గోడ పొడుగునా చెక్క సొరుగులు. చైనా ఆవిడ సన్నగా, ఓపిగ్గా ఉంది. మామా నాడి రెండు చేతులా పట్టుకు చూసింది, నాలుక చూసింది. కొడుక్కి నాలుక చూపించడానికి అంత ఏడ్చే మనిషి ఇక్కడ సంతోషంగా బారెడు చాపింది. తర్వాత చైనా ఆవిడ సొరుగులు లాగి ఒక్కొక్కటీ కాగితాల మీద పోసింది. చక్రాల్లా కోసి ఎండబెట్టిన ఎర్రటి పుల్లని పండు ముక్కలు. ఎండిన తామరాకు. ఏదో ఎర్రని వేరు. వక్కపొడి రంగులో ఎర్రగా పులియబెట్టిన బియ్యం, దంచి పొడి చేసింది. చివరగా గుప్పెడు గోధుమరంగు గింజలు.

ఆ గింజలు చూసి నాకు నవ్వాగలేదు. అవి తగిరిస గింజలు. మా ఊళ్లో నాలుగు చినుకులు పడితే చాలు, రోడ్ల పక్కన, చెత్తదిబ్బల మీద తగిరిస మొలుస్తుంది. ముదిరితే మేకలు కూడా మూతి తిప్పుకుంటాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు, అదే మొక్క చైనా మీదుగా వెండిరంగు పొట్లంలో వస్తే నాడి పట్టుకుని మరీ ఇస్తారు. "మామా, ఈ గింజలు మా ఊళ్లో ఊరికే దొరుకుతాయి" అన్నాను. ఆవిడ కూడా నవ్వింది. "అయితే మీ ఊళ్లో అందరూ సన్నగా ఉంటారన్నమాట" అంది. అందరం సన్నగా ఉండడానికి కారణం వేరే అని నేను చెప్పలేదు.

పొట్లాలు కట్టే ముందు చైనా ఆవిడ వచ్చీరాని అరబీలో ఒక ప్రశ్న అడిగింది. "డాక్టరు మందు ఏదైనా వాడుతున్నావా?" అని. ఒకటికి రెండుసార్లు అడిగింది. మామా రెండుసార్లూ లేదంది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నోరు మూసుకొమ్మనే చూపు.

కారెక్కాక ఉండబట్టలేక అడిగాను. "మామా, పొద్దున మాత్ర సంగతి చెప్పలేదేం?"

"అది నా మందు కాదు" అంది. "నా కొడుకు మందు. వాడి తృప్తి కోసం మింగుతున్నాను. నా మందు ఇది."

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగా అంది. ఆవిడ లెక్కలో పొద్దున మింగే మాత్ర ఒంట్లోకి పోదు, కొడుకు మాట మన్నించడం కిందికి పోతుంది. పెద్దింటి ముసలివాళ్లకే వచ్చే ఆలోచన అది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మన మధ్య రొట్టె ఉంది, ఉప్పు ఉంది. మేడ మీదవాళ్లకు తెలియకూడదు" అంది. అరబ్బుల్లో అది ఒట్టు కంటే పెద్ద మాట. మాకు మాత్రం తక్కువా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని పాలతో పాటు తాగినవాళ్లమే. సరేనన్నాను. డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

అప్పటినుంచి కొడుకు కారు గేటు దాటగానే, పెరట్లో ఉన్న బయటి వంటింట్లో నేను కషాయం పెట్టేదాన్ని. తగిరిస గింజలు మూకుట్లో వేయిస్తే కాఫీ వాసన వచ్చేది. పండు ముక్కలూ, వేరూ, తామరాకూ వేసి సగానికి సగం మరిగించేదాన్ని. మా వైపు తామరాకులో అన్నం తింటారు, ఇక్కడ ఆ విస్తరినే ఉడకబెట్టి తాగుతున్నారు అనుకునేదాన్ని. ఎర్ర బియ్యప్పొడి మాత్రం పెరుగులో కలిపి విడిగా ఇవ్వాలి. మామా ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగి, ఖర్జూరం నోట్లో వేసుకునేది. ఇద్దరం దొంగల్లా నవ్వుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు బాగుండేవి. ఆ ఇంట్లో నాకంటూ ఒకరున్నారని అనిపించేది.

తర్వాతి రక్తపరీక్షలో కొవ్వు బాగా దిగింది. కొడుకు మాత్రల అట్ట పైకెత్తి, "చూశావా అమ్మా" అన్నాడు. మామా "దేవుడి దయ" అని, అతను అటు తిరగగానే నాకు కన్ను కొట్టింది. దిగింది కదా అని ఆపిందా అంటే లేదు. ఎర్రపొడి ఇంకో చెంచా వెయ్యమంది. వద్దన్నాను. పొట్లం మీద ఒక చెంచా బొమ్మే వేసి ఉంది, నేను చూపించాను. "నువ్వు డాక్టరువా" అంది. కాదు. వేశాను.

ఎండలు ముదిరేసరికి ఆవిడకు తొడలు నొప్పి మొదలైంది. కొడుకుతోనూ, నాతోనూ ఏసీ గాలి పడలేదంది. నూనె వేడి చేసి కాళ్లు పట్టేదాన్ని. వేలు పెడితే కెవ్వుమనేది. తర్వాత కుర్చీలోంచి లేవడానికి నా భుజం కావలసి వచ్చింది. ఒకరోజు చుట్టాలకు కాఫీ పోయబోయి, ఇత్తడి కూజా ఎత్తలేక కింద పెట్టేసింది. చుట్టాలు చూడలేదు. నేను చూశాను. "మామా, ఆ చైనాది కొన్నాళ్లు ఆపుదాం" అంటే, "కొవ్వు కరిగేటప్పుడు నొప్పి ఉంటుందట" అంది. ఎవరు చెప్పారంటే, ఫోన్లో పినతల్లి కూతురు.

అప్పటికి ఆవిడను బాత్‌రూముకు నేనే తీసుకెళ్తున్నాను. ఒక ఉదయం ఆవిడ పోసిన మూత్రం డికాషన్ రంగులో ఉంది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు గానీ, మనిషి ఒంట్లోంచి ఆ రంగు రాకూడదని తెలియడానికి చదువక్కర్లేదు. ఆవిడను పడుకోబెట్టి పెరట్లోకి వచ్చాను. డ్రైవరు కారు కడుగుతున్నాడు.

"భాయ్, మామాకు ఏందో అయితాంది. బాబాకు చెప్పేస్తా" అన్నాను.

అతను పైపు కట్టేశాడు. "అక్కా, గమ్మునుండు. పెద్దోళ్ల ఇండ్లల్లో ఇయ్యన్నీ మనకెందుకు? ఆయమ్మ నిన్ను చెప్పొద్దనె కదా?"

"సచ్చిపోతే?"

"సచ్చిపోతే దేవుడు తీస్కపాయ అంటారు. నువ్వు చెప్తివనుకో, ఎవురు కాంచిరి, ఎవురు పోసిరి అంటారు. కాంచింది నువ్వు. పోసింది నువ్వు."

"తెచ్చుకుంది ఆయమ్మ. నువ్వే గదా బండిలో తీస్కపోతివి."

"నేను బండి తోల్తా. యాడికి పొమ్మంటే ఆడికి పోతా" అని మళ్లీ పైపు తిప్పాడు.

అతను చెప్పింది తెలివైన మాట. నాకు ఆ తెలివి లేక కాదు. కానీ లోపల మంచం మీద పడుకున్న మనిషిని నేను ఏ పేరుతో పిలుస్తున్నానో నాకు గుర్తుంది. మెట్లెక్కి, ఆఫీసుకు బయల్దేరుతున్న పెద్దకొడుకుకు అంతా చెప్పాను. పొట్లాలన్నీ తెచ్చి అతని ముందు పెట్టాను. అతను పొట్లాలన్నీ సంచిలో వేసుకున్నాడు. తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు. ఆ క్షణంలో అతని మీద నాకు ఎంత గౌరవం కలిగిందో.

ఆసుపత్రిలో డాక్టరు పొట్లాలు విప్పించి చూశాడు. ఆ ఎర్ర బియ్యంలో సహజంగా ఉండేదీ, పొద్దున మాత్రలో ఉండేదీ ఒకే జాతి మందట. కొడుకు చేతి మాత్రా, నా చేతి పొడీ కలిసి ఆవిడ కండరాలను కరిగించాయి. కరిగిన చెత్త పోయి మూత్రపిండాలకు అడ్డం పడింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మనిషి దక్కేది కాదన్నాడు. ఎవరు చెప్పారు మీకు అని అడిగితే పెద్దకొడుకు నన్ను చూపించాడు. డాక్టరు నా వైపు తల ఊపాడు. నాకు దక్కిన మెప్పు అదొక్కటే, అందుకే రాసిపెడుతున్నాను.

మామా తేరుకుని కూర్చోగలిగిన రోజు కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు మంచం చుట్టూ చేరారు. ఫ్లాస్కు పట్టుకుని నేను తలుపు దగ్గర ఉన్నాను. పెద్దకొడుకు మెల్లిగానే అడిగాడు. "అమ్మా, ఇవన్నీ ఎందుకు తాగావు? మాతో ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ అందరినీ చూసింది. కొడుకు ముందు మళ్లీ నోరు తెరిచి చూపించే రోజు వచ్చిందని నాకు అర్థమైంది. పాపం అనిపించింది కూడా. ఆవిడ నోరు తెరిచింది.

"నాకేం తెలుసు? అది కాచి ఇచ్చేది, నేను తాగేదాన్ని. వాళ్ల దేశపు టీ అనుకున్నాను."

అందరూ నా వైపు తిరిగారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. "ఆ గింజలు వాళ్ల ఊళ్లో దొరుకుతాయని అదే చెప్పింది. అడగండి" అంది.

పెద్దకొడుకు ఒక గింజ నా ముందు పెట్టి, "ఇవి మీ ఊళ్లో ఉంటాయా?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం చెప్పలేను కదా. అవును గానీ బాబా, అని మొదలుపెట్టేసరికి అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. నా అరబీ వంటింట్లో నేర్చుకున్న అరబీ. ఉల్లిపాయలు, అత్తలు, జ్వరాలు, వీటి గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. నన్ను నేను కాపాడుకునే మాటలు అందులో లేవు.

డ్రైవరును పిలిపించమన్నాను. వచ్చాడు. మామాను బ్నీద్ అల్ గార్‌కు తీసుకెళ్లావా అని అడిగారు. వాడు నేల చూపులు చూస్తూ, చాలా చోట్లకు తీసుకెళ్తాను, ఎందుకని అడగను, లోపలికి నేను పోను అన్నాడు. ప్రతి ముక్కా నిజమే. కారిడార్‌లో నన్ను దాటిపోతూ తెలుగులో మెల్లిగా, "నా ఇఖామా ఈ నెల్లో అయిపోతాది అక్కా" అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆ నెలలో వాడిది కొత్తదైంది. వాడి మీద నాకు కోపం లేదని పైకి అంటూ ఉంటాను. ఉంది. భాయ్ అనడం మానేశాను.

నన్ను తిట్టలేదు, కొట్టలేదు, పోలీసులకు పట్టివ్వలేదు. పెద్దకొడుకు పెద్దమనిషి. ఇంటికొచ్చాక హాల్లోకి పిలిచి, "మా అమ్మ నీ చేతి వంటకు అలవాటు పడింది. తెలియక చేశావని అనుకుంటాను. ఖలాస్, అయిపోయింది" అన్నాడు. నేను చేయలేదు బాబా అన్నాను. "ఖలాస్" అన్నాడు మళ్లీ. నా వీసాకు పూచీ ఉన్న కఫీల్ అతనే. అతను సంతకం పెట్టనిదే ఇంకో ఇంటికి మారలేను. క్షమించేశానని అతను అనుకుంటున్నాడు, చేయని తప్పుకు క్షమాభిక్ష పుచ్చుకోవడం ఎంత చేదో అతనికి తెలియదు. వెళ్లబోతుంటే ఇంకో మాట చెప్పాడు. ఇకమీదట మామాకు ఏది పెట్టినా, ముందు ఆవిడ కళ్లెదుట నేను ఒక చెంచా తినాలి. "తప్పుగా అనుకోకు" అని కూడా అన్నాడు.

మొదటి రోజుల్లో కోడలు దగ్గర కూర్చుని చూసేది. తర్వాత ఆమెకూ విసుగొచ్చింది. ఒక మధ్యాహ్నం గదిలో మామా, నేను తప్ప ఎవరూ లేరు. కొడుకు ఆఫీసులో, కోడలు మేడ మీద నిద్రలో. నేను చారు గిన్నె పట్టుకెళ్లి మంచం పక్కన పెట్టాను. ఆవిడ నోటి నుంచి ఒక మాట వస్తుందని నాకింకా ఆశ ఉండేది. క్షమించమని అనక్కర్లేదు. అంత పెద్ద మనుషులు నాలాంటిదాన్ని అలా అడగరని తెలుసు. ఆ చెంచా ఇవాళ వద్దులే అని చేత్తో సైగ చేస్తే చాలు, నేను అన్నీ మరిచిపోయి ఉండేదాన్ని. మళ్లీ అత్తల కథలు చెప్పుకునేవాళ్లం.

ఆవిడ దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది. పళ్లెంలోంచి నా చెంచా తనే తీసి, గిన్నెలో ముంచి, నా వైపు చాపింది. ఆ చారులో ఏమీ లేదని ఈ లోకంలో నాతో పాటు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. అయినా నేను మింగేదాకా ఆగింది. మింగాక నా ముఖం కాసేపు చూసి, అప్పుడు తన చెంచా అందుకుంది.